నాటే చెయ్యి, కోసే చెయ్యి

గడ్డిని పీకేవాళ్ళని చూశాం గాని నాటేవాళ్ళని చూశామా? మన ఆడవాళ్ళకి తెలిసిన గడ్డి పనంతా పీకడమే. తులసికోట చుట్టూ గరిక, పెరట్లో తుంగ, వరిచేలో వూద. ఇవి పీకీ పీకీ నడుములు పడిపోయిన వంశాలు మనవి. తుంగ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైది వూడి చేతిలోకొస్తుంది, గడ్డ కిందే వుండిపోతుంది. నాలుగు రోజులాగి "ఏం వదినా, కులాసాయేనా?" అన్నట్టు మళ్ళీ తలెత్తుతుంది.

అటువంటిది, సెలవు రోజున పొద్దున్నే లేచి, తమ కారులో తమ పెట్రోలు పోసుకుని వెళ్ళి, మోకాళ్ళ దాకా బురదలో దిగి, సాయంత్రం దాకా గడ్డి నాటి వచ్చేవాళ్ళున్నారంటే మొదట నాకు నవ్వొచ్చింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జికి దగ్గర్లో ఔజ్ అనే నది ఒడ్డున ఇసుక, కంకర తవ్వుకునే పెద్ద క్వారీ వుంది. తవ్వకం అయిపోయిన గోతులన్నిటినీ వరసగా నీటి పక్షుల నెలవుగా మార్చాలని క్వారీ కంపెనీ, పక్షుల సంరక్షణ సంఘం కలిసి పూనుకున్నాయి. ఒక యేడూ రెండేళ్ళూ కాదు, సుమారు 30 యేళ్ళ పని. పూర్తయితే 1700 ఎకరాల మేర నీరూ రెల్లూ తప్ప మరొకటి కనిపించదట. ఆ నాట్లలో ఎక్కువ భాగం వలంటీర్లదే. ఉద్యోగాలు చేసి రిటైరైన పంతుళ్ళు, పంతులమ్మలు, గుమాస్తాలు, అమ్మమ్మలూ తాతయ్యలూ. చలికాలంలో రెల్లు కంకులు కోసుకొచ్చి, గింజ రాల్చి, చిన్న చిన్న గళ్ళ తట్టల్లో మొలకలు పెంచి, వాటిని ఒక్కొక్కటిగా చేత్తో బురదలో పెడతారు.

రెల్లు దానంతటదే మొలుస్తుంది గదా, దానికింత పురుడు పొయ్యడమెందుకు అంటారా? నేనూ అదే అనుకున్నాను. కాని ఈ నీటి రెల్లుకి ఒక పేచీ వుంది. పెరిగాక నీళ్ళల్లో నిలుస్తుంది గాని, గింజ మాత్రం నిలవ నీటిలో మొలవదు. తడి బురద కావాలి, మీద ఎండ తగలాలి. మొలిచిన పిలక నాలుగు వేళ్ళ ఎత్తు రాకముందే నీరు పెరిగిందా, మునిగి చచ్చిపోతుంది. అది తప్పించుకుంటే బాతులొచ్చి లేత చిగుళ్ళు గిల్లుకు తింటాయి. అందుకని పసిపిల్లల్లా ఇంటి దగ్గర పెంచి, కాస్త కాలూనాక నీటి అంచున దింపి, చుట్టూ వల కట్టి కాపాడతారు. రెండు మూడేళ్ళు నిలబడిందా, ఇక ఎవరి సాయమూ అక్కర్లేదు. బురద కిందినుంచి పాక్కుంటూ తన రాజ్యం తనే విస్తరించుకుంటుంది. బోలుగా వుండే ఆ కాడ లోంచి గాలి వేళ్ళదాకా దిగుతుంది. వేళ్ళ చుట్టూ బురదలో సూక్ష్మజీవులు ఆ గాలితో బతికి, మురికిని తిని, నీటిని తేరుస్తాయి. మనం చిల్లగింజ అరగదీసి చేసే పని అది ఓపిగ్గా, చప్పుడు లేకుండా చేస్తుంది.

ఆ రెల్లులో మాత్రమే దాక్కుని, రెల్లులోనే గుడ్లు పెట్టే ఒక జాతి కొంగ వుంది. పోతుకొంగ కూస్తే ఖాళీ కుండలో ఊదినట్టు మైలు దూరం వినిపిస్తుందట. 1997లో బ్రిటన్ మొత్తం మీద అలా కూసే పోతులు 11 మాత్రమే మిగిలాయి. ఇవాళ 200 దాటాయి. ఆ 11ని 200 చేసిన చేతుల్లో గడ్డి నాటిన చేతులున్నాయి. ఆ మాట తెలిశాక నా నవ్వు ఆగిపోయింది.

ఈ కథ భద్రాచలంలో చెప్పాను. దసరా రోజులు. గోదావరి తగ్గి, తిన్నెలు బయటపడి, లంకల నిండా రెల్లు పూసింది. పాలు పొంగినట్టు తెల్లగా వుంది. నీళ్ళల్లో పెరిగే ఇంగ్లండు రెల్లు వేరు, ఇసుకలో పెరిగే ఈ రెల్లు వేరు గాని, రెండూ వేలు విడిచిన అక్కచెల్లెళ్ళే. మా పెద్దమ్మగారింటి వసారాలో కూర్చుని సాయంత్రం కాఫీల దగ్గర చెబుతున్నాను. పెద్దమ్మ వెంటనే "ఎంత పుణ్యాత్ములే!" అంది. అక్కడే బియ్యం చెరుగుతున్న పనావిడ చేట ఆపి అడిగింది:

"కూలెంతిస్తరమ్మా, ఆ గడ్డి పెట్టినందుకు?"

"ఏమీ ఇవ్వరు. వాళ్ళ ఖర్చులు వాళ్ళే పెట్టుకుని వెళతారు."

"అట్టయితే ఎట్టి చాకిరేగా అమ్మా!"

పెద్దమ్మకి కోపం వచ్చింది. "ఎట్టేమిటే? అది సేవ. ఇష్టపడి చేసేది."

ఆవిడ ఇంకో చేటెడు చెరిగి, నింపాదిగా అంది: "ఎట్టికి పిలిచినోళ్ళు ఎట్టని చెప్పి పిలవరమ్మా. మా తాతకి దొర పని, దేవుడి పని, ఊరి పని అనే చెప్పిన్రంట."

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. సేవ, వెట్టి అని మనం రెండు మాటలు పెట్టుకున్నాం. రెంటిలోనూ మనిషి వంగి పని చేస్తాడు. రెంటిలోనూ చివర చేతిలో డబ్బు పడదు. ఒకటి చేస్తే దండ వేస్తారు, రెండోది చేయిస్తే జైల్లో వేస్తారు. చూసేవాడి కంటికి ఒకేలా కనిపించే ఈ రెంటికీ గీత ఎక్కడుంది?

ఇది పుస్తకాల్లో మాత్రమే పుట్టే ప్రశ్న కాదు. ఈ ఏజెన్సీలో అయితే అసలే కాదు. ఇక్కడ అడవికీ గోదావరికీ మధ్య బతికిన కోయలకీ కొండరెడ్లకీ వెట్టి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. 1879లో కల్లు మీద పన్ను వేసినప్పుడు లేచిన రంప పితూరీ భద్రాచలం తాలూకా దాకా పాకింది. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీదికి వెళ్ళడానికి ముందు, గూడెం ప్రాంతంలో మన్యం వాళ్ళ కడుపు మండించిన వాటిలో ఒకటి రోడ్డు పని. డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్ వాళ్ళని బలవంతాన పనిలోకి దింపి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. రోడ్డు వెయ్యడం చెడ్డ పనా? కాదే! ఆ రోడ్డు మీద రేపు జబ్బు మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళచ్చు. పని మంచిదవడం వేరు, దాన్ని చేయించిన తీరు మంచిదవడం వేరు. గడ్డి నాటడమైనా అంతే.

స్వతంత్రం వచ్చాక 1952లో సమాజ వికాస పథకం వచ్చింది. దానితో పాటు "శ్రమదానం" అనే చక్కని మాట వూరూరా తిరిగింది. మా అమ్మ తరం వాళ్ళు ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మొహాలు వెలుగుతాయి. చెరువు పూడిక తీశారు, బడి గోడలు లేపారు. అందులో నిజమైన ఉత్సాహం వుంది, నేను కాదనను. అయితే ఆ దానంలో ఎక్కువ మట్టి మోసినవాళ్ళు ఎవరు, ఆ చెరువు కింద ఎక్కువ భూమి ఎవరిది అని ఎవరైనా కొంటె ప్రశ్న వేస్తే కాస్త ఇబ్బందిగానే వుండేది.

పోనీ, డబ్బే గీత అనుకుందామా? కూలి ఇస్తే న్యాయం, ఇవ్వకపోతే వెట్టి. అలా అనుకుంటే ఆ ఇంగ్లండు అమ్మమ్మలు వెట్టివాళ్ళయిపోతారు. మన వంటిళ్ళ సంగతి నేను ఎత్తనే ఎత్తను. మీకు తెలియంది కాదు.

మనసే గీత అనుకుందామా? ఇష్టపడి చేస్తే సేవ, కష్టపడుతూ చేస్తే వెట్టి. ఇది వినడానికి బాగుంటుంది. మా పెద్దమ్మ అన్నదీ ఇదే. కాని ఇష్టం అనేది ఎంత మాయదారి మాటో! "మా కోడలు ఇష్టపడే చేస్తుందండీ" అని అత్తగారు అంటే, కోడలు పక్కనే నిలబడి నవ్వుతుంది. ఆ నవ్వులో ఎంత ఇష్టమో తేల్చడం బ్రహ్మతరం కాదు.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసులో సుప్రీం కోర్టు ఒక మాట చెప్పింది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది గదా. కనీస వేతనం కన్నా తక్కువకి ఎవరైనా పని చేస్తున్నారంటే, ఏదో ఒక బలవంతం లేనిదే చెయ్యరు, అది కూడా నిర్బంధ శ్రమే అంది. బలవంతం అంటే కర్ర పుచ్చుకుని ఎదురుగా నిలబడ్డవాడే కానక్కర్లేదు; ఆకలి కూడా బలవంతమే. ఈ తీర్పు గురించి మొదటిసారి చదివినప్పుడు, ఇంత మామూలు విషయం చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా అనిపించింది. మామూలు విషయాలకే ఎక్కువ కాలం పడుతుంది గాబోలు.

ఆ తీర్పు వెలుగులో చూస్తే నాకు గీత కొంచెం కనిపిస్తోంది. ఆ ఔజ్ నది ఒడ్డు అమ్మమ్మ ఒక ఆదివారం లేచి, "ఇవాళ మోకాళ్ళు నొప్పిగా వున్నాయి, రాను" అని ఫోను చేసి పడుకోగలదు. ఆవిడ పొయ్యి ఆగదు. ఆవిడని ఎవరూ ఏమీ అనరు. రాను అనగలిగిన మనిషి వచ్చినప్పుడే ఆ రావడానికి విలువ. రాను అంటే పూట గడవని మనిషి వచ్చి నాటితే, ఆవిడ మనసులో ఎంత భక్తి వున్నా, ఆవిడకి కూలి ఇచ్చి తీరాలి. అప్పుడు కూడా అది సేవ కాకుండా పోదు. డబ్బు పుచ్చుకుందని పనిలో పవిత్రత తగ్గిపోతుందనే మాట నాకు గిట్టదు. కడుపు నిండినవాళ్ళు కనిపెట్టిన మాట అది. డాక్టరు ఫీజు పుచ్చుకుంటాడు, పురోహితుడు దక్షిణ పుచ్చుకుంటాడు. మొక్క నాటినావిడ కూలి అడిగితే మాత్రం "అంతా డబ్బేనా?" అంటాం.

2005లో చట్టమై, 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం ఈ గీతని గుర్తించింది. చెరువు పూడిక తీసినా, గట్టున మొక్క నాటినా పనే, పనికి కూలి వుంది, ఆడా మగా తేడా లేకుండా. వెనకటి శ్రమదానం వాళ్ళు దాన్ని చూసి నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు.

అయితే కూలి ఇచ్చేస్తే సమస్య తీరిపోతుందా? తీరదనడానికి గోదావరి వెంట కిందికి వెళ్ళాలి.

భద్రాచలం దగ్గర వరదొస్తే మనకి తెలిసేది అడుగుల లెక్క. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. ఆ నీరంతా పాపికొండలు దాటి, ధవళేశ్వరం దాటి, పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట కోరింగ మడ అడవి వుంది. 1978లో అభయారణ్యం అయింది, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. రెల్లుకి అన్నగారి లాంటిది మడ. ఉప్పునీటి బురదలో నిలబడి, గాలి పీల్చుకోవడానికి వేళ్ళని బురద లోంచి పైకి నిక్కబొడిపిస్తుంది. తెల్ల మడ, నల్ల మడ, పొన్న, తిల్ల. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పొన్న గింజ అయితే తల్లి చెట్టుని వదలకుండానే మొలకెత్తి, కాడంత పొడుగయ్యాక బురదలోకి గుచ్చుకున్నట్టు రాలుతుంది. పురుడు పుట్టింట్లోనే పోసుకుని, బిడ్డ నిలదొక్కుకున్నాక పంపించే మన పద్ధతి దానికెలా తెలిసిందో!

ఆ అడవిని ఒకప్పుడు పద్ధతి ప్రకారమే నరికారు. ఒక్కో ఏడు ఒక్కో ముక్క చొప్పున, కాగితం మీద లెక్క సరిగ్గానే వుంది. కాని మొదలంటా నరికిన చోట నేల ఎండి, కుంగి, పళ్ళెంలా గుంట పడింది. పోటు నీరు లోపలికొస్తుంది, పాటుకి బయటికి పోదు. ఎండకి ఉప్పు ముదిరిపోతుంది. అందులో ఏ గింజ పడినా చచ్చిపోయేది. 1990 దాటాక స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్ళు, అటవీ శాఖ వాళ్ళు, ఆ పల్లెల జనం కలిసి దానికో ఉపాయం చేశారు. మధ్యలో పెద్ద కాలవ, రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు, అచ్చం చేప వెన్నుముల్లులా తవ్వారు. పోటుకి నీరు వచ్చి, పాటుకి ఉప్పు కడుక్కుని పోవడం మొదలయింది. అప్పుడు సంచుల్లో పెంచిన మొలకలు తెచ్చి నాటారు. నాటినవాళ్ళు చేపలు పట్టుకు బతికే ఇళ్ళ ఆడవాళ్ళు, మగవాళ్ళు.

వాళ్ళకి కూలి వచ్చింది. పని మంచిది. 1996 నవంబరు తుపానులో కోనసీమ ఏమైందో చూసినవాళ్ళకి ఆ చెట్లు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. అంతా బాగానే వుంది గదా? కాని అక్కడి ఆడవాళ్ళు పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేది ఆ అడవిలోనే. అభయారణ్యం అయ్యాక పుల్ల విరిస్తే నేరం. తను నాటిన చెట్టు, తను నీళ్ళు మళ్ళించిన చెట్టు, రేపు అందులోంచి ఎండు కొమ్మ తీసుకుంటే తనే దొంగ. మన రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు ఈ చిక్కు కొంత విప్పాలని చూశారు. ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు స్త్రీ అయి తీరాలి అన్నారు. కాపాడినవాళ్ళకి అడవిలో వాటా అన్నారు. కాగితం మీద ఎంత, చేతికొచ్చినది ఎంత అన్నది వూరికో రకం. ఏమైనా, నాటే చెయ్యికి కోసే హక్కులో పాలుండాలి అని సర్కారు నోట ఒక్కసారైనా వచ్చిందంటే చిన్న సంగతి కాదు.

కోసే హక్కు అంటే నరికి పారేసే హక్కు అని భయపడేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం కొల్లేరు కథ చెప్పాలి. ఖమ్మం జిల్లా కొండల్లో పుట్టిన తమ్మిలేరు ఏలూరు పక్కనుంచి పోయి ఆ సరస్సులోనే పడుతుంది. కనక అది మనకి పరాయిది కాదు. కొల్లేట్లో కిక్కిస అని నిలువెత్తు రెల్లు వుంటుంది. లంక గ్రామాల వాళ్ళు దానితో ఇళ్ళు కప్పుకునేవారు, తడికెలు అల్లుకునేవారు. వందల ఏళ్ళు కోశారు. కిక్కిస తరగలేదు. అది తరిగింది మనుషులు కోసినందుకు కాదు, చేపల చెరువుల కోసం సరస్సుకి గట్లు వేసినందుకు. మొదట్లో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకి చెరువులు తవ్విచ్చింది. తరవాత డబ్బున్నవాళ్ళు వచ్చారు. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేల అన్నారు, 2006లో గట్లు కొట్టేశారు. గట్టు తెగిన చోట కిక్కిసని ఎవరూ నాటలేదు. నీళ్ళు పారాయి, అదే వచ్చింది.

ఇరాకులోనూ అదే జరిగింది. రెల్లుతోనే పెద్ద పెద్ద మందిరాల్లాంటి ఇళ్ళు కట్టుకునే జనం అక్కడి చిత్తడి నేలల్లో వున్నారు. 1990ల మొదట్లో ప్రభుత్వం వాళ్ళని లొంగదీయడానికి నీళ్ళు మళ్ళించి ఆ నేలని ఎండబెట్టింది. 2003లో ఆ ప్రభుత్వం కూలగానే జనం పారలు పట్టుకుని వెళ్ళి కరకట్టలు తెగ్గొట్టారు. నీరు వచ్చిన చోటల్లా రెల్లు మళ్ళీ లేచింది. ఎగువనుంచి వచ్చే నీళ్ళు తగ్గి తరవాత మళ్ళీ కష్టాలు వచ్చాయనుకోండి, అది వేరే కథ. నేను చెప్పేదేమంటే, ఆ పార పట్టిన వాళ్ళని ఎవరూ వలంటీర్లు అనలేదు. తమ ఇంటి కప్పు తాము తెచ్చుకున్నారు.

మళ్ళీ మన అడవి అంచుకి వద్దాం. ఇక్కడి గడ్డి వెదురు. ఆశ్చర్యపోకండి, శాస్త్రం ప్రకారం వెదురు గడ్డే. వరి, చెరకు, రెల్లు, వెదురు అంతా ఒకే ఇంటి పేరు. కాని 1927 అటవీ చట్టం దాన్ని చెట్ల జాబితాలో వేసింది. చెట్టు అయితే కొట్టడానికీ తీసుకెళ్ళడానికీ పర్మిట్టు కావాలి. సారపాకలో 1979 నాటికి కాగితపు మిల్లు వచ్చింది, లారీల కొద్దీ వెదురు గుజ్జయింది. అది పర్మిట్టుతో పని కనక తప్పు లేదు. నాలుగు బొంగులు కొట్టి బుట్ట అల్లుకునే మనిషి మాత్రం ఫారెస్టు గార్డు కనిపిస్తే బుట్ట దాచుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్న ఫలసాయం అంది, అంటే చింతపండూ తేనె లాగా ఏరుకునే హక్కు ఆదివాసులదే అని. 2017లో చట్టం మార్చి, అడవి బయట పెరిగే వెదురు చెట్టు కాదని ఒప్పుకున్నారు. ఒక గడ్డిని గడ్డి అనడానికి 90 యేళ్ళు!

మన గోదావరిలోకే నీళ్ళు పంపే గడ్చిరోలి జిల్లాలో మెంఢా లేఖ అనే గోండుల వూరుంది. అక్కడ గ్రామసభ పట్టుబట్టి, 2011 ఏప్రిల్లో తమ వెదురు తామే కోసి అమ్ముకునే అధికారం తెచ్చుకుంది. దేశంలో అలా తెచ్చుకున్న మొదటి వూరు అది. హక్కు రాగానే అడవంతా కొట్టేసుకున్నారా? లేదు. ఎంత కొయ్యాలి, ఎంత వుంచాలి, ఎప్పుడు నాటాలి అని కూర్చుని తీర్మానించుకున్నారు. రేపటి ఏడు కూడా తనదే అని తెలిసిన మనిషి ఇవాళ మొత్తం కొయ్యదు. ఇది మనకి వంటింట్లోనే తెలుసు. ఆవకాయ జాడీ తాళం చెయ్యి తన దగ్గరున్న ఇల్లాలు ఏడాదంతా సర్దుకొస్తుంది.

భద్రాచలంలో కూర్చుని ఈ మాటలు రాస్తూ ఒకరిని తలుచుకోకుండా వుండలేను. రామదాసు అందరికీ తెలుసు. గోల్కొండ తానీషా కొలువులో పాల్వంచ తహసిల్దారు, వసూలైన శిస్తుతో గుడి కట్టించి చెరసాల పాలయ్యాడు. ఆయన భక్తికి నేను నమస్కరిస్తాను. అయినా ఆ శిస్తు కట్టిన రైతుని ఎవరైనా అడిగారా అన్న అనుమానం చిన్నప్పుడే వుండేది, పెద్దవాళ్ళు కళ్ళురిమితే మానేశాను. ఆయనకన్నా ముందు పోకల దమ్మక్క వుంది. అడవి పిల్ల. స్థలపురాణం ప్రకారం పుట్టలో వున్న మూర్తులని గోదావరి నీళ్ళు మోసి, మట్టి కరిగించి బయటికి తీసింది ఆవిడే. పైన ఆకుల పందిరి వేసింది ఆవిడే. తాటిపండు నైవేద్యం పెట్టింది ఆవిడే. ఆ పందిరి ఎన్నిసార్లు గాలికి కొట్టుకుపోయిందో, ఎన్నిసార్లు కొత్త ఆకు వేసిందో పురాణం చెప్పదు. ఆవిడ ఎవరి ఖజానా ముట్టుకోలేదు, ఎవరిచేతా మోయించలేదు. రాతి గుడికి పేరు నిలిచినట్టు ఆకు పందిరికి నిలవదు గదా.

ఈ మధ్య నది ఒడ్డున ఒక మొక్కలు నాటే సభ చూశాను. గుంటలు ముందే తవ్వి వున్నాయి. తవ్వినవాళ్ళు నీళ్ళ బిందెలు పట్టుకుని దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డారు. వచ్చిన పెద్దలు ఒక్కొక్కరూ ఒక్కొక్క మొక్క పట్టుకున్నారు, ఫొటో అయింది, చేతులు కడుక్కున్నారు. ప్రసంగాల్లో "స్వచ్ఛందంగా" అన్న మాట చాలాసార్లు వినిపించింది. నీళ్ళు పోసే పని మిగిలింది. అది బిందెల వాళ్ళు చూసుకుంటారు.

ఇంగ్లండు వాళ్ళని ఇంకా మెచ్చుకోవలసింది ఇక్కడే. రెల్లు నాటి వదిలేస్తే చాలదట. ఏటేటా ఎండిన ఆకు పడి, మెత్తబడి, నేల లేచి, నీరు తగ్గి, తుప్పలు మొలిచి, పోనుపోను రెల్లు కాస్తా చిట్టడివి అయిపోతుంది. అందుకని చలికాలంలో వంతులవారీగా కొంత కొంత కోసి తీసెయ్యాలి. నాటినవాళ్ళలో చాలామంది ఆ చలిలో మళ్ళీ వస్తారు, కొడవళ్ళూ చిన్న యంత్రాలూ పట్టుకుని. ఏ పక్క కోస్తే కొంగ గూటికి అడ్డం రాదో వాళ్ళకి తెలుసు, వాళ్ళు నాటినదే గనక.

వెదురు పొదకీ ఇదే లెక్క. ముదిరిన బొంగులు నడిమధ్య నుంచి తీసెయ్యకపోతే కొత్త పిలకకి చోటుండదు, పొద చిక్కుపడి గిడసబారిపోతుంది. బయటివైపు లేత బొంగులు ముట్టుకోకూడదు. ఏది ఈ ఏటిదో, ఏది మూడో ఏటిదో కణుపు మీది పొర చూసి, వేలితో కొట్టి చప్పుడు విని చెబుతారు ఇక్కడి ఆడవాళ్ళు. వసారాలో చెరుగుతున్న ఆ చేట కూడా అలా ఏరి తెచ్చిన బొంగుదే. ఎక్కడ కొట్టారని అడిగితే ఆవిడ నవ్వి వూరుకుంది.